పడవలో తూర్పు ముఖం కుర్చీ

అమీర్‌పేటకు అందరూ చదువుకోవడానికి వస్తారు. ఓదెలు ఒక్కడే ఆ చదువుకునేవాళ్ళు విరగ్గొట్టిన కుర్చీలు బాగు చేయడానికి వచ్చాడు. ఈ ముప్ఫై ఏళ్ళలో ఆ సందుల్లో ఎన్ని కోర్సులు పుట్టాయో, ఎన్ని గిట్టాయో ఎవరికీ తెలియదు. మూడు నెలల్లో మీ జీవితం మార్చేస్తామన్న బోర్డులు ఆరు నెలలు తిరక్కుండానే తామే మారిపోయాయి. కుర్చీలు విరగడం మాత్రం ఏ కోర్సు కోసమూ ఆగలేదు. మనిషి ఎంత ఎదిగినా కూర్చోవడానికి ఒకటి కావాలి, అది ఎప్పుడో ఒకప్పుడు కిర్రుమనాలి, అప్పుడు ఓదెలు అన్నం తినాలి.

అతని దుకాణం ఒక లేడీస్ హాస్టల్ మెట్ల కింద ఉంది. లోపల ఒక మనిషి, రెండు కుర్చీలు పడతాయి. మూడో కుర్చీ వస్తే మనిషి బయటికి రావాలి. ఊరందరి కుర్చీలూ బాగు చేసేవాడికి సొంత కుర్చీ లేదు. ఖాళీ రంగు డబ్బా ఒకటి బోర్లించుకుని దాని మీద కూర్చుంటాడు.

ఓదెలుకు రెండు అలవాట్లు. మొదటిది, ఏమడిగినా "ఐతది సార్" అనడం. చక్రం ఊడినా ఐతది, వెన్ను విరిగినా ఐతది, కుర్చీ మొత్తం పోయి ఒక్క బోల్టు మిగిలినా ఐతది. 'కాదు' అనే మాట అతని నోట విన్నవాళ్ళు లేరు. పెళ్ళిచూపుల్లో పిల్లను చూడకముందే ఐతదన్నాడని అతని భార్య ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

రెండో అలవాటు, బాగు చేసిన ఏ కుర్చీలోనైనా మొదట తానే కూర్చోవడం. వెనక్కి వాలి, ముందుకు వంగి, మూడు చుట్లు తిరిగి, ఆ తర్వాతే మనిషికి అప్పగిస్తాడు. కొత్తల్లో అతను బిగించిన కుర్చీ ఒక పాఠాలు చెప్పే సారును అరవై మంది విద్యార్థుల ముందు నేల మీద కూలేసింది. ఆ సారు లేచి పాఠం కొనసాగించాడు గానీ ఓదెలు మాత్రం ఆ పూట నుంచి ముందు తన నడుమే పణంగా పెడుతూ వచ్చాడు. అప్పటి నుంచి అతని చేతి మీదుగా వెళ్ళిన ఒక్క కుర్చీ కూడా వెనక్కి రాలేదు. తన గురించి తాను చెప్పుకునే గొప్ప ఇదొక్కటే, ఇది నిజం కూడా.

చెప్పుకునే అబద్ధం ఇంకొకటి ఉంది. ఓదెలు తండ్రి పెద్దపల్లి దగ్గర ఊరి చెరువులో తెప్ప మీద చేపలు పట్టి బతికాడు. తల్లి సత్తెమ్మ ఆ చేపలు గంపలో పెట్టుకుని నాలుగూళ్ళు తిరిగి అమ్మింది. ఓదెలు పట్నం వచ్చి పంజాగుట్టలో ఒక ఫర్నిచరు దుకాణంలో చేరిన మొదటి వారం, యజమాని మీవాళ్ళేం చేస్తారని అడిగితే ఉన్నమాట చెప్పాడు. మర్నాటి నుంచి అందరి అన్నం డబ్బాలు లోపల, ఓదెలు డబ్బా ఒక్కటి బయట గోడ మీద. అందులో ఉన్నది పప్పే, అయినా వాసన వస్తోందన్నారు. పప్పులో చేపల వాసన కనిపెట్టగల ముక్కులు పట్నంలో ఉంటాయని అతనికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎవరు అడిగినా "వ్యవసాయం సార్, రెండెకరాలు" అనడం మొదలుపెట్టాడు. చుట్టుపక్కల భూముల ధరలు పెరిగినప్పుడల్లా ఆ రెండూ మూడయ్యాయి, నాలుగయ్యాయి. ఈమధ్య ఆరు దగ్గర ఆగాయి. వాళ్ళుండే ఎల్లారెడ్డిగూడలో పక్కింటావిడ ఏం పంటలు వేసేవారని అడిగితే, సత్తెమ్మ "నీళ్ళ పంట" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఆరెకరాలను చూసి ముచ్చటపడ్డ మనిషి చలపతిరావు గారు. గోదావరి జిల్లా వాడు, ముప్ఫై అయిదేళ్ళు ఆఫీసరు ఉద్యోగం చేసి పంజాగుట్టలో అపార్టుమెంటు కొనుక్కున్నవాడు. ఉద్యోగమంతా ఏసీ కింద చేసినా, రైతుబిడ్డనని చెప్పుకోకుండా కాఫీ తాగడు. ఆయన ఆఫీసు కుర్చీ బాగు చేసినప్పటి నుంచి ఓదెలంటే అభిమానం. మనం మనం రైతులం అంటూ వానల గురించి, ఎరువుల గురించి గంటల తరబడి మాట్లాడేవాడు. ఓదెలు అన్నిటికీ తల ఊపేవాడు. గట్టు మీంచి తప్ప వరి చేను ఎరగని మనిషి నాట్లు ఎప్పుడు వేయాలో కూడా రెండుసార్లు సలహా చెప్పాడు.

రిటైరయ్యాక చలపతిరావు గారికి చేపల పిచ్చి పట్టింది. పట్టింది అంటే ఫోనులో పట్టింది. ఎవరో తెల్లదొరలు పొడుగాటి గొట్టం మీద బిగించిన కుర్చీలో, నీటికి నడుమెత్తున కూర్చుని, గుండ్రంగా తిరుగుతూ చేపలు పట్టే వీడియోలు పొద్దస్తమానం చూశాడు. చూసి చూసి పదడుగుల ఫైబరు పడవ కొన్నాడు. గాలం కర్రలు మూడు, టోపీలు రెండు, జేబులు పద్నాలుగున్న చొక్కా ఒకటి తెప్పించాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ఈత మాత్రం రాదు. గోదావరి ఒడ్డునే పుట్టినా, ఆ నదితో ఆయనకున్న సంబంధమంతా రైలు కిటికీలోంచి చిల్లర వేయడం వరకే.

ఆయన వైపు న్యాయం కూడా చెప్పాలి. ఆయనకు మోకాళ్ళ నొప్పులు. పడవలో ఉన్న చెక్క బల్ల మీద కూర్చుంటే మళ్ళీ లేవడం ఆయన చేతుల్లో లేదు. అందుకే ఓదెలును పిలిపించి, ఫోనులో కుర్చీ చూపించి, అచ్చం ఇలాంటిది నడుమెత్తున బిగించాలన్నాడు.

"ఐతది సార్," అన్నాడు ఓదెలు.

అన్నాడు గానీ, పడవను చూడగానే అతని కళ్ళు ముందు దాని వెడల్పునే కొలిచాయి. వెడల్పు మూడున్నర అడుగులు. అంత సన్నటి పడవలో అంత ఎత్తున కూర్చోకూడదని అతనికి అయిదో ఏట నుంచే తెలుసు. కానీ ఆరెకరాల రైతుకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? నోరు మూసుకుని కొలతలు తీసుకున్నాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. పడవ అడుగున ఒక్క బెజ్జం పెట్టలేదు. నీళ్ళకు ఉబ్బని ప్లైవుడ్ పలకను అడుగు దూలాలకు బిగించి, దాని మీద ఇనుప పళ్ళెం, పళ్ళెంలో గొట్టం, గొట్టం మీద కుర్చీ పెట్టాడు. తుప్పు పట్టని స్టీలు బోల్టుల కోసం రాణీగంజ్ రెండుసార్లు తిరిగాడు. ఇదంతా అపార్టుమెంటు సెల్లారులో, చలపతిరావు గారి కారు ఉండాల్సిన చోట జరిగింది. కారు వారం రోజులు రోడ్డు మీద ఎండకు ఎండింది.

కుర్చీ ఎటు ముఖంగా ఉండాలన్న దగ్గర పని ఆగింది. ఎటేమిటి, తిరిగే కుర్చీ కదా అన్నాడు ఓదెలు. తిరగడానికి వీల్లేదంది ఆయన భార్య రత్నమాల గారు. ఆవిడ తమ్ముడు చక్రపాణి అప్పటికే ఫోనులో దిక్సూచి తెరిచి పడవ మధ్యలో నిలబడ్డాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి, రిటైరయ్యాక వాస్తులోకి దిగిన మనిషి. ఇంటి యజమాని ఎక్కడ కూర్చున్నా తూర్పు ముఖంగానే కూర్చోవాలని, కుర్చీ గుండ్రంగా తిరిగితే జాతకం కూడా తిరుగుతుందని తేల్చాడు. సెల్లారులో స్తంభాల మధ్య పడవ ఉత్తరం ముక్కుగానే పట్టింది. కాబట్టి కుర్చీని పక్కకు తిప్పి, తూర్పుకు చూసేలా పెట్టి, తిరగకుండా ఓదెలు చేతనే మేకు కొట్టించారు. పడవ ఒక వైపుకు, అందులో కూర్చునే మనిషి ఇంకో వైపుకు.

చలపతిరావు గారికి ఒక్క క్షణం అనుమానం వచ్చి, చెరువులో పడవ తిరిగితే తూర్పు ఎలా నిలుస్తుందని అడిగాడు.

"దిక్కులు ఎక్కడికీ పోవు బావగారూ. పడవే అటూ ఇటూ పోతుంది," అన్నాడు చక్రపాణి.

ఇంత చదువుకున్న మాటకు ఎవరు ఎదురు చెబుతారు? ఓదెలు రివాజు ప్రకారం ముందు తాను కూర్చున్నాడు. తర్వాత సారు, మేడమ్, చక్రపాణి, వాచ్‌మన్ వరసగా కూర్చున్నారు. సిమెంటు నేల మీద పాత టైర్ల నడుమ ఉన్న పడవ ఇసుమంతైనా ఊగలేదు. సెల్లారులో మునగనందుకు అందరూ సంతోషించి మిఠాయి తిన్నారు. ఆదివారం పొద్దున శంకర్‌పల్లి దాటాక చక్రపాణి ఫాంహౌసు పక్కనున్న చెరువులో దించుదామని ముహూర్తం పెట్టారు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఓదెలు తల్లికి పడవ సంగతి చెప్పాడు. సత్తెమ్మకు ఎనభై దాటాయి, చెవులు మాత్రం పని చేస్తాయి. కుర్చీ ఎంత ఎత్తని అడిగింది. ఓదెలు కూర్చున్నచోటే చెయ్యెత్తి చూపించాడు. ఆమె కలుపుతున్న ముద్దను కంచంలోనే వదిలేసింది.

"మీ అయ్య ముప్ఫై ఏండ్లు తెప్ప మీద బతికిండు. ఒక్కనాడన్న జానెడు పైకి కూసున్నడా? పోయి ఆ సారుకు చెప్పు బిడ్డా."

"నీకెట్ల తెలుసురా అంటే ఏం చెప్పాలె అవ్వా?"

"ఈత రాదంటున్నవ్ గదా. ఆయన మునిగినంక చెప్తవా?"

ఓదెలు కూడా చెయ్యి కడుక్కుని లేచాడు. తన కుర్చీలో కూర్చుని ఒక మనిషి పోతాడన్న భయం ఒక పక్క, గోడ మీది అన్నం డబ్బా ఒక పక్క. రెండు రోజులు నలిగి, శుక్రవారం చెప్పేద్దామనే పంజాగుట్ట వెళ్ళాడు. చలపతిరావు గారు కాఫీ ఇప్పించి, భుజం మీద చెయ్యేసి, నేలను నమ్ముకున్నవాళ్ళం మనకు నీళ్ళ సంగతి ఏం తెలుస్తుంది, అందుకే వీడియోలు చూసి నేర్చుకుంటున్నానన్నాడు. చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఓదెలు నీళ్ళు నమిలాడు. ఎత్తు జర తగ్గిద్దామా అన్నాడు. ఎందుకని ఆయన అడిగితే "ఊకెనే సార్" అన్నాడు. ఆయన తన మోకాళ్ళు చూపించి, ఎత్తు అంతే ఉండాలన్నాడు. ఓదెలు ఐతదని చెప్పి కాఫీ తాగి వచ్చేశాడు. ఆ కప్పు నిండా పిరికితనం తాగి వచ్చానని అతనికి తెలుసు.

ఆదివారం పడవ ట్రాలీ ఆటోలో, పెద్దమనుషులు కారులో, ఓదెలు పడవలోని కుర్చీని పట్టుకుని ట్రాలీలో బయల్దేరారు. చెరువు నిండుగా ఉంది. పడవ ముక్కుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. చలపతిరావు గారు పద్నాలుగు జేబుల చొక్కాలో దిగాడు. నీళ్ళలో తేలే జాకెట్టు ఒకటి తెప్పించారు గానీ, అది వేసుకుంటే ఫొటోలో పొట్ట పెద్దగా కనిపిస్తోందని విప్పి కారులో పెట్టారు. చక్రపాణి దిక్సూచి పట్టుకుని, పడవ ముక్కు ఉత్తరానికి వచ్చేదాకా ఇద్దరు కూలీల చేత ఒడ్డున పడవను తిప్పించాడు.

చలపతిరావు గారు పడవలో కాలు పెట్టబోతుండగా ఓదెలు అడ్డం నిలబడ్డాడు.

"మొదాలు నేను కూసుంట సార్. మా దుకాణం రూలు."

"సెల్లారులో కూర్చున్నావు కదయ్యా?"

"నీళ్ళల్ల కూసోలే."

నోటితో చెప్పలేని నిజాన్ని ఓదెలు పిర్రలతో చెప్పదలచుకున్నాడు. చెప్పులు విడిచి, రెండు అంచులూ పట్టుకుని, మొదటి అడుగు సరిగ్గా నడిమధ్యన వేసి, వంగి దిగాడు. ఎవరైనా చూసి ఉంటే అప్పుడే తెలిసిపోయేది. వాళ్ళు ఫోనులు సరిచేసుకుంటున్నారు. అతను తెడ్డు వేసి మనిషి మునిగే లోతు దాకా పోయి, లేచి కుర్చీ ఎక్కాడు. తూర్పు ముఖంగానే కూర్చున్నాడు. ఒడ్డున చప్పట్లు కొట్టారు. తర్వాత, సారు ఏం చేస్తాడో అదే చేశాడు. గాలం కర్ర ఎత్తి, పక్క అంచు మీదుగా ముందుకు వంగి విసిరాడు.

పడవ ఇంకేమీ ఆలోచించలేదు. కుర్చీతో సహా ఓదెలును తూర్పు దిక్కున నీళ్ళలోకి ఒంపేసి, తాను బోర్లా పడింది.

రత్నమాల గారు కేక పెట్టింది. చక్రపాణి దిక్సూచి చూశాడు. చలపతిరావు గారు చేసిన పని మాత్రం ఎవరూ అనుకోనిది. ఈత రాని ఆ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న ఆ మనిషి, "ఓదెలూ" అని అరుస్తూ నీళ్ళలోకి నడిచాడు. మోకాళ్ళు దాటాయి, నడుము దాటింది, ఆయన ఆగలేదు. తను నెమ్మదిగా, ఈత రానివాడిలా కొట్టుకుంటూ ఒడ్డుకు చేరాలన్నది ఓదెలు ఆలోచన. ఛాతీ లోతులోకి వచ్చేస్తున్న సారును చూశాక ఆ నటన అక్కడే మునిగిపోయింది. పడవ తాడును పళ్ళ మధ్య కరిచి, బారలు వేస్తూ దూసుకొచ్చాడు. చేపపిల్లకు ఈత ఎవరూ నేర్పనక్కరలేదు, మరిచిపొమ్మని చెప్పినా అది మరిచిపోదు. ఒక చేత్తో సారు చొక్కా జేబు పట్టి వెనక్కి లాగాడు. ఆ పద్నాలుగు జేబుల్లో ఒకటి అప్పుడే మొదటిసారి పనికొచ్చింది.

ఒడ్డున ఇద్దరూ కూలబడ్డారు. చాలాసేపు రొప్పిన తర్వాత చలపతిరావు గారు, ఈ ఈత ఎక్కడిదయ్యా అని అడిగాడు.

"మా అయ్య చేపలు పట్టెటోడు సార్. మేం చేపలోళ్ళం."

"మరి ఆరెకరాలు?"

"ఆరెకరాలు లేవు సార్," అన్నాడు ఓదెలు. తర్వాత ఏం తోచిందో తలెత్తాడు. "మా చెరువు మాత్రం నూట ఇరవై."

ఆయన తడి బట్టలతోనే వెళ్ళి కారులో కూర్చున్నాడు. తిరుగు ప్రయాణమంతా మాట్లాడలేదట. మునిగిపోబోయినందుకు కాదు, పదిహేనేళ్ళు ఒక రైతుతో పంచుకున్న కష్టసుఖాలన్నీ నీళ్ళ పాలయ్యాయని. రత్నమాల గారు మాత్రం తృప్తిగానే ఉంది. కుర్చీ తూర్పు ముఖంగా ఉండబట్టే ప్రాణం దక్కిందని చుట్టాలందరికీ ఫోను చేసి చెప్పింది.

పది రోజులు పంజాగుట్ట నుంచి కబురు లేదు. పప్పులో వాసన పట్టే ముక్కు ఆయనకూ ఉందని ఓదెలు నిశ్చయించుకున్నాడు. బాధపడ్డాడు. తన కోసం నీళ్ళలోకి నడిచిన మనిషి గుర్తొచ్చినప్పుడల్లా ఎక్కువ బాధపడ్డాడు. సత్తెమ్మ మాత్రం ఆ వారం ఎంతో కాలానికి చేపల పులుసు వాకిట్లో కూర్చుని తింది.

పదకొండో రోజు మెట్ల ముందు ఆటో ఆగింది. అందులో పడవ కుర్చీ, పక్కన చలపతిరావు గారు. ముందు తాను కూర్చునే రూలు పెట్టుకున్నాక ఓదెలు చేతి మీదుగా వెళ్ళి వెనక్కి వచ్చిన మొదటి కుర్చీ అది. ఓదెలు దాన్ని దించుతూ ఆయన ముఖం వంక చూడలేకపోయాడు. ఆయన మోకాళ్ళు పట్టుకుని దిగి, గోడకు ఆనుకుని, కాసేపు వచ్చేపోయే పిల్లలను చూస్తూ నిలబడ్డాడు.

"అబద్ధం చెప్పావు, బాధేసింది," అన్నాడు. "సరే. మీ నాన్నగారు పడవలో ఎలా కూర్చునేవారో, నాకు అచ్చం అలాగే చేసి పెట్టు."

అమీర్‌పేటలో గానీ పంజాగుట్టలో గానీ అతని తండ్రిని 'గారు' అన్న మనిషి ఇంతవరకూ లేడు. అలా అన్నవాడు అడిగిన దానికి ఐతదని చెప్పేయాలని ఓదెలుకు నాలుక కొసదాకా వచ్చింది. ఆయన మోకాళ్ళు చూశాడు. తండ్రి తెప్ప మీద గొంతుక్కూర్చున్న తీరు గుర్తు చేసుకున్నాడు.

"గట్ల కాదు సార్," అన్నాడు. "మా అయ్య లెక్క కూసుంటె మీరు మల్ల లేవరు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనికే అనుమానం వేసింది. చలపతిరావు గారు ఆశ్చర్యంగా చూసి, మరి ఎలా కూర్చోవాలో నువ్వే చెప్పు అన్నాడు.

ఓదెలు రంగు డబ్బాను రోడ్డు మీదికి తెచ్చి, అది పడవ నడుమ అనుకొమ్మన్నట్టుగా బోర్లించి, ఎప్పటిలాగే మొదట తానే, పడవ ముక్కు ఉండే వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. జానెడు మీద జానెడు, అంతకంటే ఎత్తు వద్దన్నాడు. తర్వాత లేచి, డబ్బాను చేత్తో తుడిచి, సారును కూర్చోబెట్టి, తండ్రి పొద్దున్నే తెప్ప మీద ఎలా వెళ్ళేవాడో చెప్పడం మొదలుపెట్టాడు.